నన్ను ముసల్దీ అనేవాళ్ళు

మొన్నామధ్య ఒక పొద్దున, వీధి చివర చేపలమ్మే అమ్మాయి వచ్చి కూర్చునే వేళకి, నేను చెప్పులేసుకుని, లిఫ్టు దిగి, మా అపార్టుమెంటు గేటు దాకా వెళ్ళాను. కొనాలని కాదు. మా కోడలు ఆదివారం తప్ప చేపలు వండదు, అదీ కోసి కడిగి డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చిచ్చేవే తప్ప వీధిలోవి ముట్టుకోదు. ఊరికే ఆ గంప ముందు కాసేపు గొంతుక్కూర్చుని, ఒక చేప మొప్ప ఎత్తి చూసి, ఇది నిన్నటిది కదా అని ఆ అమ్మాయిని ఒక మాట అని, తిరిగి ఒక మాట అనిపించుకుని రావాలని నా ఆశ. గేటు దగ్గర కొత్తగా చేరిన వాచ్‌మన్ నన్ను చూడగానే లేచి నిలబడి, తన కుర్చీ నాకు వేసి, ఫోన్ తీశాడు. "సార్, పెద్దామె కిందికొచ్చుండారు. ఒక్కరే వచ్చుండారు. బయటికి పంపీమంటారా?" అవతల మా అబ్బాయి ఏమన్నాడో నాకు వినపడలేదు గాని, అతను ఫోన్ జేబులో పెట్టుకుని, లిఫ్టు బటన్ తనే నొక్కి, ఎంతో మర్యాదగా నన్ను పైకి పంపించేశాడు. ఎవరికైనా పార్సెల్ వచ్చినప్పుడు కూడా అతను ఇలాగే ఫోన్ చేసి అడుగుతాడు, బాల్కనీలోంచి చాలాసార్లు చూశాను.

పైకొచ్చి సోఫాలో కూర్చున్నాక కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. వాచ్‌మన్ తప్పు లేదు, అతని ఉద్యోగం అది. మా అబ్బాయి తప్పు అంతకంటే లేదు, పోయినేడు నేను స్నానాల గదిలో జారిపడ్డప్పటి నుంచి వాడి భయం వాడిది. ఇంట్లో అందరూ నన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారు, కాబట్టే గడప దాటనివ్వరు. నా ఈడువాళ్ళు ఇది చదువుతుంటే ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు, మీ ఇళ్ళలోనూ ఈ ప్రేమ ఉండే ఉంటుంది. కాని ఆ రోజంతా నా చెవిలో తిరిగింది వాచ్‌మన్ అన్న ఆ ఒక్క మాటే, పెద్దామె.

మా నెల్లూరు వైపు అది చెడ్డ మాట కాదు. ఇంటికి పెద్దదిక్కయిన ఆడమనిషిని పెద్దామె భోంచేసిందా, పెద్దామె పడుకుందా అని చెప్పుకుంటారు. అందులో ఒక్క అక్షరం కూడా గుచ్చుకోదు. ముసల్ది అన్న మాట ఉంది చూశారూ, అది గుచ్చుకుంటుంది, తిట్టుకు మరీ దగ్గర. కాని నా ఎరికలో ముసల్ది అనిపించుకున్న మనిషి సంతకు పోతుంది, రేవుకు పోతుంది, పక్కూరికి పోయి పొద్దుగూకి వస్తుంది, ఎక్కడికని ఎవరూ అడగరు. పెద్దామె అనిపించుకున్న మనిషి కుర్చీలో ఉంటుంది. ఇది నేను మా అత్తను చూసి తెలుసుకున్న సంగతి.

ఆమె గురించి చెప్పబోయే ముందు కాస్త పక్కదారి పట్టనివ్వండి. నేను పదో తరగతి తప్పినదాన్ని, మాటలు ఎక్కడ పుట్టాయో చెప్పేంత చదువు నాకు లేదు, అయినా ఊరికే కూర్చోబెట్టిన మనిషికి ఇంతకంటే పనేముంది కనుక, ఈమధ్య ఇవే నెమరేసుకుంటున్నాను. పుస్తకాల్లో రాసే ముదుసలి అన్న మాట మా పల్లెల్లో ఎవరి నోటా వినలేదు. ముదురు బెండకాయ, ముదురు కొబ్బరి, ముదిరిపోయిన రోగం అని మాత్రం రోజూ అంటాం, అవన్నీ ఒక తల్లి పిల్లలేనని బళ్ళో మా తెలుగు అయ్యవారు చెప్పేవారు, జనం నోళ్ళలో పడి నలిగి నలిగి ముదుసలే ముసలి అయ్యుంటుందని ఆయన ఊహ. నేను పుట్టి పెరిగిన పులికాట్ సరస్సు వైపు అరవం కలిసిపోయి ఉంటుంది కాబట్టి ముసలామెను కిళవి అనడం కూడా మాకు మామూలే. కొత్తకోడలిగా విడవలూరు వైపు సముద్రపొడ్డున ఉన్న మా అత్తవారి పల్లెకు వచ్చి ఎవరినో కిళవి అన్నాను, అదేదో పిట్ట పేరనుకుని ఒడ్డు మీద ఆడవాళ్ళంతా నవ్వారు, ఆ తర్వాత చాలా రోజులు నన్నే కిళవీ అని పిలిచారు, అప్పటికి నాకింకా ఇరవై నిండలేదు.

ఇక వస్తువుల సంగతి. పోగులు తెగిపోయే వలను చీకు వల అనేవాళ్ళం, కర్రలు నీళ్ళు పీల్చి బరువెక్కిన తెప్పను నీళ్ళు తాగిన తెప్ప అనేవాళ్ళం, అది మనిషికి కూడా చెల్లేది, కాస్త నెమ్మదించినవాణ్ణి చూసి వీడు నీళ్ళు తాగాడురా అనేవాళ్ళు. మా ఆయనకొక డొక్కు సైకిల్ ఉండేది. డొక్కలు బయటపడ్డ గొడ్డును చూసి డొక్కు అన్న మాట పుట్టిందని ఆయన వాదన, కాదు, తొక్కితే డొక్కుడొక్కుమని మోగుతుంది కాబట్టేనని నా వాదన. ఆ సైకిల్ మాత్రం ఇద్దరి తరఫునా సాక్ష్యం చెప్పేది. పొలాల ఊళ్ళలో పాత అన్న మాటకు ఎంత మర్యాదో చూడండి. పాత మొలకొలుకుల బియ్యమంటే అల్లుడొచ్చినప్పుడు తీసే సరుకు, పాత చింతపండు, పాత బెల్లం మందుకు దాచుకునేవి. మా చేపలవాళ్ళకు ఆ భాగ్యం లేదు. చేపకు ముసలితనం ఉండదు, పొద్దున తాజాగా ఉంటుంది, సాయంత్రానికి ఉప్పులో పడుతుంది. అందుకేనేమో ముసలితనాన్ని ఏం చేసుకోవాలో మావాళ్ళకు ఎప్పుడూ సరిగ్గా తెలియలేదు.

నేను కాపురానికి వచ్చేటప్పటికే మా అత్త ముసల్ది. మామ మా ఆయన చిన్నతనంలోనే సముద్రంలో పోయాడట, ఉన్న ఒక్క కొడుకును ఆమె గంప మోసి పెంచింది. మెడ కాస్త ముందుకు వంగిపోయి ఉండేది గాని నడుము మాత్రం నిటారు, నోరు అంతకంటే నిటారు. తెల్లారకముందే ఒడ్డుకు పోయి తెప్పలు రాగానే చేపలు ఏరుకుని, గంపకెత్తుకుని, ఇసుక దాటి, కాలువ గట్టు పట్టి, వరిపొలాల మధ్య సన్నటి గెనాల గట్ల మీద నడిచి ఊళ్ళోకి పోయేది. తాజావి లేని రోజున ఎండు నెత్తళ్ళు పట్టుకుపోయేది. కోతల కాలంలో చేపలిచ్చి వడ్లు కొలిపించుకుని వచ్చేది. దారిలో పొలాల్లో ఉన్నవాళ్ళందరూ ఏం ముసలీ, ఏం తెచ్చినావని కేకేసేవాళ్ళు, ఒక్కరి బాకీ ఉంచుకోకుండా అందరికీ వాళ్ళ వాళ్ళ వయసుకు తగ్గట్టు జవాబు చెప్పుకుంటూ పోయేది. ఆమె వెనక చిన్న గంపతో నేను నవ్వాపుకుంటూ నడిచేదాన్ని.

మా పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. ఏ ఆడమనిషి గంప ఏ ఊరికి పోతే ఆ ఊళ్ళో ఇళ్ళు ఆమె వాడుక, ఇంకొకరు ఆ గడపలు తొక్కరు. ఆ వాడుక కూతురికి పోదు, కోడలికి వస్తుంది. అత్త కోడల్ని ఇంటింటికీ తిప్పి చూపించి, చివరికొక రోజు నలుగురి ముందు తన చుట్టకుదురును, అంటే గంప కింద నెత్తి మీద పెట్టుకునే పాత చీరపీలికల చుట్టను, కోడలి నెత్తిన పెడుతుంది. ఇక ఆమె గంప ఎత్తకూడదు. ఎత్తితే కోడలు చేతకానిదని ఊరు అనుకుంటుంది, కొడుకును వేలెత్తి చూపిస్తుంది. అలా చుట్ట దించుకున్న మనిషినే మా దగ్గర పెద్దామె అనేవాళ్ళు, నాకు తెలిసినంతలో మా పల్లెలో ఆ మాట పుట్టిన తావు అదే. మా అత్త మాత్రం ఏళ్ళు గడిచినా చుట్ట దించలేదు. ఎవరైనా అడిగితే, ఇంకా నేర్పిస్తా ఉండానబ్బా, ఇది పులికాట్ పిల్ల, దీనికి గెనాల మీద నడక రాదు అనేది. నాకు నడక రావడం, ఇద్దరు పిల్లలు పుట్టడం, వాళ్ళకూ గెనాల మీద నడక రావడం అన్నీ అయిపోయాయి, నేర్పడం మాత్రం అవలేదు.

ఎందుకో నాకు తెలుసు. మా అత్త వాడుక ఊళ్ళో ఒక మిద్దె ఇల్లుండేది, పెద్ద సేద్యం, ముందు వైపు నిలువెత్తు గేటు, ఆ గేటుతో మాకు పనిలేదు, మేము పక్కసందులోంచి పెరటి వైపు పోయేవాళ్ళం. పెరటి గడప దగ్గర ఆ ఇంటి పెద్దావిడ కూర్చుని ఉండేది, ఊళ్ళో అందరూ మిద్దింటి అవ్వ అనేవాళ్ళు. ఆమె కూడా చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్నది. అంత ఆస్తి ఉన్న ఇంటి విధవ కాబట్టి పెరడు దాటి ఎరగదట, సముద్రం ఆ ఊరికి నడిచిపోయేంత దగ్గరలోనే ఉన్నా ఆమె ఎన్నడూ చూడలేదు. కొడుకులు అమ్మా అనేవాళ్ళు, కూలీలు అమ్మగారూ అనేవాళ్ళు, లోకం మొత్తం మీద ఆమెను ముసల్దీ అనేది మా అత్త ఒక్కతే. గంప దించీ దించకముందే మొదలయ్యేది ఇద్దరికీ.

"ఏమే ముసలీ, ఇంకా పోలేదా నువ్వు?"

"నిన్ను సాగనంపకుండా యాడికి పోతానే ముసల్దానా. ఆ కానాగంత చేపల్లో మెత్తనివి నాకు అంటగట్టాలని చూడబాక."

ఆ తర్వాత గంప సంగతి మర్చిపోయి, సముద్రంలో ఏ తెప్ప తిరగబడింది, ఏ ఇంట్లో కోడలు అలిగింది, మోకాలికి ఏ ఆకు కట్టాలి, ఇలా ఎంతసేపైనా కూర్చునేవాళ్ళు. ఆ ఇంటి కోడలు మజ్జిగ తెచ్చి మాకు పోస్తూ నన్ను చూసి నవ్వేది, ఇద్దరు కోడళ్ళమూ అరుగు మీద చెరొక స్తంభానికి ఆనుకుని ఆ తిట్లు వినేవాళ్ళం. ఒకరినొకరు అంతంత మాటలు అనుకోవడానికి ఎంత హక్కు సంపాదించుకుని ఉండాలో అప్పుడు మాకు తెలియదు. మా అత్త మిగతా ఊరంతా వడివడిగా తిరిగేది, ఆ ఇంటికి మాత్రం చివర్లో పోయేది, తీరిగ్గా కూర్చోవచ్చని.

మా తీరానికి ఇంజను బోట్లు కొత్తగా వస్తున్న రోజులవి. మా ఆయన తోటివాళ్ళతో కలిసి ఒకటి కొన్నాడు, కావలి నుంచి మెకానిక్కులు వచ్చి ఇంజను బిగించారు. నీళ్ళలోకి దించే రోజున ఒడ్డంతా జనం. బోటుకు మామిడాకులు కట్టి, పసుపు పూసి, మా అత్తను కొత్త చీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చేతనే టెంకాయ కొట్టించాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ పిల్లవాడికి, పిల్లవాడనే అంటాను, అప్పటికి ముప్పై దాటినా తల్లి ముందు పిల్లవాడే, చిన్నప్పటి నుంచి ఒకటే పట్టుదల, అమ్మ మెడ మీద గంప దించాలని. ఆ సంతోషంలో ఇంట్లోంచి చుట్టకుదురు తెప్పించి, అందరూ చూస్తుండగా తన చేత్తో నా నెత్తిన పెట్టేశాడు. అది అత్త చేయాల్సిన పని, కొడుకు చేయకూడదు, ఆమెను ఒక్క మాట అడగనన్నా లేదు. కాని జనం అందరూ కేకలేశారు, చప్పట్లు కొట్టారు, ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, కొడుకంటే వీడురా అన్నారు. మా ఆయన తల్లి కాళ్ళకు దండం పెట్టి లేచి గట్టిగా చెప్పాడు.

"ఈ పొద్దు నుంచి మా అమ్మను ఎవురూ ముసల్దీ అనగూడదు. పెద్దామె అనాల."

నేను మా అత్త ముఖం చూశాను. నవ్వుతూనే ఉంది. అంతమందిలో ఇంకేం చేస్తుంది. కొడుకు తన కోసం చేసిన పని, కాదంటే కొడుకు తల దించుకోవాలి, అవునంటే తను కూర్చోవాలి. కూర్చుంది.

ఆ తర్వాత ఆమె రోజులు నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను, ఎవరూ ఆమెను బాధపెట్టలేదు. ఇంటి ముందు నీడలో కుర్చీ వేసి ఉండేది. దారిన పోయేవాళ్ళు ఆగి పెద్దమ్మా బాగుండావా అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండా పోయేవాళ్ళు. పెళ్ళిళ్ళకు అక్షింతలు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు, సంబంధం మంచిదా కాదా అని మాత్రం అడిగేవాళ్ళు కాదు. ఒడ్డుకు పోతే ఇసకలో కాలు మడతపడుతుంది పెద్దమ్మా అని వెనక్కి తీసుకొచ్చేవాళ్ళు. ఏళ్ళ తరబడి అదే ఇసకలో బరువుతో నడిచిన కాళ్ళు అవి. కొన్నాళ్ళకు నిజంగానే తడబడడం మొదలుపెట్టాయి.

ఊరికే పోయి ఆ మిద్దింటి అవ్వను చూసి రావచ్చు కదా, గంప లేకపోతే ఏమని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అదే అన్నాను. గంప లేకుండా ఆ ఇంటికి ఏమని పోతానే పిచ్చిదానా అంది మా అత్త. అప్పటికి గాని నాకు వెలగలేదు. ఆ ఇంటి పెరటి దారి గంపది, ఆమెది కాదు. గంప నెత్తిన ఉన్నంతకాలం ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. గంప లేని మనిషి ముందు గేటు నుంచి పోవాలి, పిలుపు ఉండాలి, బండి మీద పోవాలి, బోటు ఉన్న మనిషి తల్లి నడిచి వచ్చిందంటే బాగుండదు. వాళ్ళది పెద్ద సేద్యం, మాది చేపల ఇల్లు. ఆ ముందు గేటుకు మా అత్త ఎవరో తెలియదు.

ఇక మిగిలింది నేను. రోజూ గంపతో పోయి ఆ గడప దగ్గర కూర్చునేదాన్ని, అవ్వ నా చేపలకేసి చూడకుండా, ఆ ముసల్దేం చేస్తా ఉండాదని అడిగేది. ఏం రోగమొచ్చింది దానికి, కూర్చుని కూర్చుని ఉప్పు చేపలాగా ఎండిపోతా ఉందని చెప్పు, అనేది. ఇంకా చాలా అనేది, రాయడానికి వీల్లేనివి కూడా. సాయంత్రం ఇంటికి రాగానే మా అత్త కుర్చీ ముందుకు లాక్కుని కూర్చునేది, ఏమనింది అని. అత్తను ముసల్దీ అని నేను ఎలా అంటాను, అవ్వ నిన్ను బాగా అడిగింది అత్తా, ఆరోగ్యం చూసుకోమంది, అనేదాన్ని. ఆమె నా ముఖంలోకి చూసి తల అడ్డంగా ఊపేది.

"అది అట్ట అనుండదు మే. సరింగా చెప్పు."

చెప్పలేకపోయేదాన్ని. కోడలి నోరు ఎంత తిప్పినా ఆ మాట పలకదు. చేపను మరీ ఎక్కువసార్లు కడిగితే రుచి నీళ్ళలో పోతుందే, నీ నోట్లో పడితే అన్ని మాటలూ అట్లానే అవుతాయి అని మా అత్త విసుక్కునేది. అటు నుంచి ఇటూ అంతే, ఈమె పంపిన తిట్లన్నీ నేను అక్కడ నమస్కారాలుగా దించేదాన్ని, ఆ అవ్వ కూడా నమ్మేది కాదు. ఇద్దరి మధ్యా నేనొక మర్యాదస్తురాలిని తగిలాను.

ఒక రోజు నేను కాలువ గట్టు ఎక్కి వెనక్కి చూస్తే మా అత్త వస్తోంది. తల మీద ఏమీ లేదు, చెంగు కప్పుకుని, గబగబా, తప్పు చేసిన పిల్లలాగా అటూ ఇటూ చూస్తూ. నా గంపలోంచి కొన్ని చేపలు తీసి తువ్వాలులో కట్టి ఆమె చేతికిచ్చాను, చేతిలో ఏదో ఒకటి ఉంటుంది, పెరటి దారి పట్టవచ్చని. ఆమె ముఖం చూడాలి మీరు. ఇద్దరం పొలాల దాకా పోయాం, ఇంకో నాలుగు గెనాలు దాటితే ఊరు కనిపించేది. అంతలో వెనక నుంచి మోటార్‌సైకిల్ చప్పుడు. ఎవరో చెప్పేశారు, కోడలు ముందు పోతా ఉంటే పెద్దామె చేపలు మోసుకుని వెనక పోతా ఉందని. మా ఆయన బండి దిగి, తల్లి చేతిలో తువ్వాలు తీసుకుని, నా మీద కోపం కూడా చూపించలేదు, ఏడ్చేశాడు. "నాకు చేతగాదనుకున్నావా మా, కూర్చోబెట్టి నీకు రెండు ముద్దలు పెట్టడం? ఆ అవ్వను చూడాలంటే చెప్పగూడదా, మంచిరోజు చూసి నేనే కార్లో పిలుచుకుని పోతా" అన్నాడు. ఆయన ఏడుపు చూసి ఆమె బండి వెనక ఎక్కి కొడుకు భుజం పట్టుకుని కూర్చుంది. వాళ్ళు పోతుంటే నేను ఆ గెనం మీద గంపతో నిలబడి చూశాను. ఆయనది తప్పని అప్పుడు అనలేకపోయాను, ఇప్పుడూ అనలేను, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మంచిరోజు రావడానికి ఏదో ఒకటి అడ్డుపడుతూనే ఉంది. బోటు రిపేరు, తుఫాను, పిల్లల జ్వరాలు. ఈలోగా మిద్దింటి అవ్వ మంచం పట్టింది. ఆ ఇంటి కోడలు నన్ను పెరట్లోనే ఆపి చెప్పింది, మీ అత్తను ఒకసారి పిలుచుకుని రారాదా అని. ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను, ఆయన సరే, ఈ ఆదివారం అన్నాడు, నిజంగానే విడవలూరు పోయి అద్దె కారు మాట్లాడి వచ్చాడు. కారు ఆదివారం వచ్చింది గాని అవ్వ శనివారమే పోయింది.

అదే కార్లో పోయాం. ముందు గేటు బార్లా తీసి ఉంది, మా అత్త ఆ గేటులోంచి లోపలికి నడవడం అదే మొదటిసారి. వాకిట్లో మగవాళ్ళు లేచి, బోటాయన తల్లి వచ్చిందని, వరండాలో కుర్చీ తెచ్చి వేశారు. అవ్వను హాల్లో పడుకోబెట్టారు, చుట్టూ ఆ ఇంటి బంధువులు, ఆ ఊరి ఆడవాళ్ళు, కింద కూర్చుని ఏడుస్తున్నారు. గంప ముసల్దయితే తిన్నగా పోయి వాళ్ళ మధ్యలో కూలబడి గుండెలు బాదుకునేది, ఎవరూ కాదనేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆమె కొత్త చీరలో, కొడుకు పక్కన, మగవాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. ఒకసారి లేవబోయింది. మా ఆయన వంగి భుజం మీద చెయ్యి వేసి, కూర్చోమ్మా, లోపల ఉక్కగా ఉంటుంది అన్నాడు. ఆ చేతి బరువెంతని, అయినా ఆమె మళ్ళీ కూర్చుండిపోయింది. నేను వెనక నిలబడి ఉన్నాను, కుర్చీ చేతిని పట్టుకున్న ఆమె వేళ్ళు నాకు కనిపిస్తున్నాయి.

కాసేపటికి ఆ ఇంటి కోడలు బయటికి వచ్చింది. అన్నేళ్ళు మాకు మజ్జిగ పోసిన మనిషి, మా అత్తను చూడగానే గబగబా దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న మగవాళ్ళను, మా ఆయన్ను చూసి సర్దుకుంది. "పోయే ముందు రెండు రోజులూ మిమ్మల్నే తలుచుకున్నిందమ్మా మా అత్త. చేపల పెద్దామె వచ్చిందా, పెద్దామె వచ్చిందా అని అడగతానే ఉన్నింది" అంది. మా ఆయన చేతులు జోడించాడు. మా అత్త తల మాత్రం ఊపింది.

కార్లో వచ్చేటప్పుడు దారంతా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మా ఆయన అటు పోయాక, నన్ను దగ్గరికి పిలిచింది. అప్పుడు వచ్చింది ఏడుపు, అన్నాళ్ళ ఏడుపు.

"అది నన్ను యానాడు పెద్దామె అనిందే? రెండు దినాలు అడిగిందంట. ఏమని అడిగిందో, ఎట్ట తిట్టిందో, నా దాకా రాకుండానే పాయె గదమే."

నేను ఆమె పక్కన నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మర్నాడు గంపతో పోయి ఆ కోడల్ని విడిగా అడుగుదామనుకున్నాను, పోయాను కూడా. ఆమె పెరటి గడప దగ్గర నన్ను చూసి మళ్ళీ ఏడ్చింది గాని ఆ మాటలు చెప్పడానికి ఆమెకూ నోరు రాలేదు. పోయిన మనిషి నోట వచ్చిన తిట్లు ఎలా చెబుతాం, పాపం కదూ అంది. నేనైనా అంతే చేసి ఉండేదాన్ని, ఇద్దరం కోడళ్ళమే కదా. ఏమనింది అని మా అత్త ఆ సాయంత్రం అడగలేదు, తర్వాత కూడా ఎన్నడూ అడగలేదు. ఆ ఏడు గడవకుండానే ఆమె కూడా పోయింది. ఊరంతా వచ్చి, పెద్దామె ఎంత అదృష్టవంతురాలు, కొడుకు పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు అన్నారు. అది అబద్ధం కాదు.

తర్వాత నేనూ గంప దించాను. రోడ్డు పడింది, ఐసు పెట్టెలతో ఆటోలు వచ్చాయి, వాడుక ఇళ్ళ మాటే లేకుండా పోయింది. చుట్టకుదురు ఎవరి నెత్తిన పెట్టాలన్న ప్రశ్నే నాకు రాలేదు, మా కోడలు కంప్యూటర్ ముందు పనిచేస్తుంది. మా ఆయన పోయాక అబ్బాయి నన్ను నెల్లూరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు మాటలన్నీ ఎంత మెత్తబడ్డాయో చూడండి. బ్యాంకులో సీనియర్ సిటిజనంటారు, ఆసుపత్రిలో నర్సులు అమ్మగారూ అంటారు, డాక్టరు నా రోగం నాకు చెప్పకుండా నన్ను కుర్చీలో ఉంచి మా అబ్బాయికి చెబుతాడు, వాడు దాన్ని ఇంకాస్త కడిగి, ఏం లేదు మా, కాస్త బలహీనత అని నాకు చెబుతాడు. అందరూ మంచివాళ్ళే, అరిచి పోట్లాడటానికి ఒక్క చెడ్డ మనిషి దొరకడు. నాతో పాటు గంపలు మోసినవాళ్ళు, ఒడ్డు మీద నన్ను కిళవీ అని ఏడిపించినవాళ్ళు, నన్ను ఎంత మాటైనా అనగలిగినవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయారు. ఆఖరున మిగిలినామె పోయిన సంగతి కూడా నాకు నెల తర్వాత చెప్పారు, విని తట్టుకోలేనని.

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు నా పక్కన పడుకుని ఫోన్ చూసుకుంటుంటే, నవ్వుతూనే అడిగాను, ఒక్కసారి నన్ను ముసల్దీ అని పిలవ్వే అని. అది ఫోన్ పక్కన పడేసి నాకేసి తిరిగి, ఛీ, తప్పు నానమ్మా, అలా ఎవరంటారు నిన్ను అంటూ రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది. విడిపించుకోవడానికి నాకు చేతులు రాలేదు.